కమిలిన చెయ్యి

కూతురి భుజం మీద ఒకచోట నల్లగా కమిలింది. దాని కిందే ఆకుపచ్చకి తిరుగుతున్న మచ్చ, మోచేతి దగ్గర పసుపురంగుకొచ్చి మాయబోతున్న మచ్చ. జోగమ్మకి ఇంక రుజువులేం అక్కర్లేదు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మొగుడి వంటికి బతుకంతా సున్నం పసుపు పట్టు వేసిన మనిషి. దెబ్బ ఎప్పటిదో రంగు చూసి చెప్పేస్తుంది.

“ఇయ్యి ఒక్కనాటి దెబ్బలు కావు. రోజూ కొడతన్నావు!” అని అల్లుడి మీద అరిచింది. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లన్నిటికీ వినబడాలనే అరిచింది.

ఫణీంద్ర తల దించుకున్నాడు. కాదనలేదు.

“ఆయన కొట్నేదమ్మా,” అంది కూతురు.

“మొగుణ్ని ఎనకేసుకొస్తన్నావేటే? నడు మనింటికి!” జోగమ్మ మణికట్టు పట్టుకుని ఈడ్చింది.

అప్పుడు మాత్రం ఫణీంద్ర గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చాడు. “తీసుకెల్లు, అత్తా. సెయ్యి అంత గట్టిగా పట్టుకోకు.”

పూరీ గేట్ దగ్గర టోటో రిక్షా దిగి తనింట్లోకి వచ్చాక గానీ ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే పట్టు వేద్దామని సున్నం, పసుపు రంగరించి తెచ్చింది. కూతురి మణికట్టు చుట్టూ నల్లగా తన అయిదు వేళ్ల అచ్చులు.

“నా రక్తంలోనే రోగముందమ్మా. ముట్టుకుంటే కమిలిపోతంది. ఇంక మందుల్లేవని డాక్టర్లు సెప్పేసినారు. నీకు సెప్పొద్దని ఆయన సేత నేనే ఒట్టేయించుకున్నాను.”

జోగమ్మ గిన్నె కింద పెట్టి అల్లుడికి ఫోన్ చేసింది.

“కొట్టినానని సెప్పు నాయనా. తాగొచ్చి కొట్టినానని ఒక్కపాలి సెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను.”