అరచెయ్యంత వరుసలు

బయటి కొరియర్ సర్వర్‌ని అడిగి పార్శిల్ ఎక్కడుందో చెప్పే కమాండ్ టూల్ అది. అడిగినవాళ్ల తెర వెడల్పుకి తగ్గట్టు జవాబుని వరుసలుగా విరుస్తుంది. ఆ రాత్రి కొచ్చి ఆఫీసులో షెరిన్ ఒక్కతే ఉంది. ఆమె ముందున్నది పెద్ద తెర. తన పార్శిల్ గురించి అడిగితే జవాబు మాత్రం అరచెయ్యంత వరుసల్లో వచ్చింది.

టూల్ రాసిన, అన్నలాంటి బిజుకి ఫోన్ చేసింది. “చేట్టా, నీ టూల్‌కి కళ్లు పోయాయి. ఇంత పెద్ద తెర మీద అరచెయ్యంత వరుసలు విరుస్తోంది.”

“పోతే నీకే పోయుంటాయి. అంత ఇరుకు తెర ఒక్క మన మేనేజరు టోమిచ్చన్ సారు పాత లాప్‌టాప్‌కే ఉండేది.”

“దాన్ని ఆయన శవపేటికలోనే పెట్టి పూడ్చాం కదా!”

షెరిన్ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. అయినా తెర మీద వరుసలు మళ్లీ పడ్డాయి:

మీ ఆఫీసు
తలుపు దగ్గరికి
చేరింది.