గొట్టానికి కట్టిన పోగు

"ఓ ఆయమ్మా, ఆ డబ్బా అవతల వెట్టు. మా ఆయనకు ఇయ్యాల ఏం పొయ్యొద్దు."

జములమ్మ మాటకు ఎదురు చెప్పే మొనగాడు వాళ్లింట్లో ఇంకా పుట్టలేదు.

రెండువేల ఏడు వానాకాలం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆమె భర్త భీమయ్య గద్వాలలోని ఓ దవాఖానలో తెలివి లేకుండా పడున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. ఆహారం పోయడానికి ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు.

డబ్బా పట్టుకుని నిలబడ్డ నూలు చీర ముసలామె కదల్లేదు.

"ఎందుకొద్దు బిడ్డా?"

"జరమొచ్చినోనికి లంఖణమే మందు. మా ఇంట్ల అందరం గట్లనే బతికినం."

అనడమే కాదు, చీర కొంగు నుంచి పోగు లాగి, ఎవరూ చూడకుండా గొట్టాన్ని మడిచి కట్టేసింది కూడా. రెండుసార్లు కట్టింది. రెండుసార్లూ ముసలామె వచ్చి విప్పింది.

"పేగు ఉత్తగుంటే పల్చవడుతదట బిడ్డా. అండ్లున్న పురుగు నెత్తురులకు దాటుతదట. అప్పుడు ఒంట్ల మంట ఇంకింత లేస్తదని డాక్టరు చెప్పిండు. కంచె లేని చేన్ల గొడ్లు వడ్డట్టే. జరంత జరంత పోస్తుంటే పేగు గట్టిగుంటది."

జములమ్మకు ఒళ్లు మండింది.

"నీ మొగుడైతే గిట్లనే మేపుతుంటివా?"

ముసలామె చెయ్యి ఆగింది. మళ్లీ డబ్బా ఎత్తి, నర్సు చెప్పిన కొలత ప్రకారం మెల్లగా పోసింది.

ఆ రోజు నుంచి పగలంతా ఆమె భీమయ్య పక్కన స్టూలు వదల్లేదు. జములమ్మ మూతి తిప్పినా సరే.

ఐదో రోజు జ్వరం దిగింది. తొమ్మిదో రోజు భీమయ్య కళ్లు తెరిచి, "రొట్టెలు జేసినవా?" అన్నాడు. వార్డంతా నవ్వింది. జములమ్మ మాత్రం ఏడ్చింది.

ఇంటికి పోయే రోజు ఆమె బజారుకెళ్లి రవికె గుడ్డ తెచ్చింది. పొగరున్న మనిషే గానీ, తప్పు తెలిశాక తలవంచడం చేతకాని మనిషి కాదు.

స్టూలు ఖాళీగా ఉంది.

"ఆయమ్మ ఏది సిస్టరమ్మా? కాళ్లు మొక్కుదామనుకున్న."

"పొద్దుగాల్నే రాజోలి బస్సెక్కింది. నాట్లున్నయి." నర్సు శిల్ప తలెత్తి గర్వంగా నవ్వింది. "ఆమె ఆయమ్మ కాదక్కా, మా అమ్మ రాధమ్మ. కూలి చేసి నన్ను నర్సు చదివించింది. ఇసొంటి మనిషి వచ్చిండని తెలిస్తే చాలు, పని ఇడిసిపెట్టి ఉరికొస్తది."

"ఎందుకమ్మా? మేము ఆమెకేమైతం?"

"మా నాయినకు గూడ గిట్లనే గొట్టమేసిన్రక్కా, దక్కలే. లంఖణమని దాన్ని కొంగు పోగుతోని కట్టింది మా అమ్మనే."