ఏడుపు షాట్

పదకొండింటికల్లా అయిపోవాల్సిన పనులు నిస్సీ ఒక అట్టముక్క మీద రాసుకుంది. బందరు నుంచి అద్దెకి శవపెట్టె. గుడివాడ నుంచి తెల్ల చామంతులు. షామియానా. తెల్లబట్టల్లో ముప్పైమంది ఊరివాళ్ళు. పెట్టెలో పడుకునే మనిషి. పొగలొచ్చే టీ. చర్చి గంటకి నాన్నతో మాట్లాడటం. నిజమైన ఏడుపు.

అన్నిటికీ టిక్కు పడింది, ఆఖరిదానికి తప్ప.

"కట్! కట్!" డైరెక్టర్ ప్రేమ్ సాగర్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "చావింట్లో ఎవరండీ పళ్ళికిలించేది?"

అది టీ పొడి యాడ్. చచ్చిపోయినవాడు టీ వాసనకి పెట్టెలోంచి లేచి కూచుంటాడు. చూసేవాళ్ళకి నవ్వు రావాలంటే, ముందు ఏడ్చేవాళ్ళు నిజంగా ఏడవాలి. పామిడిముక్కల పక్కనున్న ఆ ఊరివాళ్ళకి ఎంతకీ ఏడుపు రావడంలేదు. ఎలా వస్తుంది? పెట్టెలో పడుకున్నది ఊరందర్నీ నవ్వించే ట్రాక్టర్ జాషువా.

"ఏం చెయ్యమంటారండీ," అంది ముందు వరసలో కూచున్న అన్నమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "వీడు పోతే వీడి పెళ్ళాం కూడా ఏడవదు. మమ్మల్ని ఏడవమంటే ఎట్లా?"

"అత్తా, వినపడుతోంది," అన్నాడు జాషువా కళ్ళు తెరవకుండా. "పోయినవాణ్ణి ఆడిపోసుకోకూడదు."

షామియానా కింద అందరూ గొల్లున నవ్వారు.

ప్రేమ్ సాగర్ నిస్సీని పక్కకి పిలిచాడు. "ఏమ్మా, 'మావాళ్ళు నేను చెప్తే చేస్తారు సార్' అన్నావు. నీ మాట నమ్మి యూనిట్ మొత్తాన్ని ఇంత దూరం తెచ్చాను. పదకొండు దాకా చూస్తాను. అవలేదా, రేపు విజయవాడ నుంచి ఆర్టిస్టులు వస్తారు. నువ్వు మాత్రం ఇక ఆఫీసుకి రానక్కర్లేదు."

నిస్సీ ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు.

"చర్చి గంట ఉంది కదా సార్. మా ఊళ్ళో చావుగంట వినపడితే ఎవరూ నవ్వరు. నాన్న కొడతానన్నారు."

కాలవ అవతల చర్చిలో గంట కొట్టేది వాళ్ళ నాన్న సామ్యేలే. నిస్సీ ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"తొమ్మిదింటి నుంచి తాడు దగ్గరే నిలబడ్డానమ్మా. నీడంతా పోయి ఎండ మీదకొచ్చింది."

"ఇంకొక్క పది నిమిషాలు నాన్నా. మిస్డ్ కాల్ ఇస్తాను, రాగానే కొట్టు."

"కొడతాలే. బతికున్నవాడికి చావుగంట కొట్టడం ఇదే మొదలు. ప్రభువు ఏమనుకుంటాడో."

"మంచినీళ్ళు తాగావా?"

"నా సంగతి సరే, నువ్వు పని చూసుకో."

కెమెరా సిద్ధమైంది. నిస్సీ మిస్డ్ కాల్ ఇచ్చింది. గంట మోగలేదు. ఇంకోసారి ఇచ్చింది. ప్రేమ్ సాగర్ వాచీ చూసుకున్నాడు. మూడోసారి ఇచ్చింది.

"మీ నాన్నగారు నిద్రపోయారా ఏంటి?"

"సామ్యేలు బాబాయికి నేనంటే ప్రాణమండీ," అన్నాడు పెట్టెలోంచి జాషువా. "నన్ను చంపడానికి చేతులు రావటంలేదు."

మళ్ళీ నవ్వులు. ఇంకో ఐదు నిమిషాలు గడిచాయి.

అప్పుడు మోగింది గంట. ఒకటి. కాస్త ఆగి, ఇంకొకటి. నిస్సీ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

షామియానా కింద నవ్వు ఠక్కున ఆగిపోయింది. అన్నమ్మ తల తిప్పి చర్చి వైపు చెవి పెట్టింది. మూడో దెబ్బకి కొంగు ఆమె చేతిలోంచి జారిపోయింది. "అయ్యో దేవుడా" అంటూ గుండెలు బాదుకుంది. పక్కనున్నామె అందుకుంది. వెనక వరసలోంచి అరుణ్ అనే కుర్రాడు లేచి కాలవ వైపు పరుగెత్తాడు. నిమిషంలో షామియానా అంతా ఏడుపే.

"ఎవడు వాడు, ఫ్రేమ్‌లోంచి పారిపోయేది? పోనీ, పోనీ. రోల్ అవనీ," గొంతు తగ్గించి అన్నాడు ప్రేమ్ సాగర్. "అద్భుతం. కానీ పెట్టెని చూడకుండా అందరూ ఇటు చూస్తారేం?"

కెమెరా పక్కనే నిలబడ్డ నిస్సీ, పెట్టె వైపు చూడమని చేతులూపింది. వాళ్ళు ఇంకా ఏడ్చారు.

"కట్! ఓకే!"

చచ్చినవాడి వేషం వేసినవాళ్ళు షాట్ అవ్వగానే కెమెరాలోకి చూసి నవ్వాలి. లేకపోతే అరిష్టమని సినిమావాళ్ళ పట్టింపు. జాషువా లేచి కూచుని పళ్ళన్నీ బయటపెట్టాడు. చుట్టూ చూశాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"శభాష్ నిస్సీ! నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు," అన్నాడు ప్రేమ్ సాగర్. "మీ నాన్నగారిని పిలువు, ఒక దండం పెట్టుకోవాలి."

నిస్సీ సంతోషం పట్టలేక వెళ్ళి అన్నమ్మని వాటేసుకుంది. "ఇక చాలు అత్తా, షాట్ అయిపోయింది. ఎంత బాగా ఏడ్చారు!"

అన్నమ్మ ఆమెని వదల్లేదు.

"నువ్వు హాస్టళ్ళలో పెరిగావు తల్లీ, నీకు తెలీలేదు. మీ నాన్న గంట కొడితే మేం నిద్దట్లో కూడా పోల్చుకుంటాం. ముప్పై ఏళ్ళలో, ఒళ్ళు కాలే జ్వరంలో కూడా, ఆయన ఆ తాడు ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు కొట్టింది ఆయన చెయ్యి కాదే అమ్మా."

ఆ యాడ్ టీవీలో వస్తోంది. జాషువా లేచి కూచుని టీ అడిగినప్పుడు నవ్వొస్తే నవ్వుకోండి, తప్పులేదు. దానికి ముందు గంట వినపడుతుంది చూశారా, అక్కడ మాత్రం ఒక్కసారి సామ్యేలుని తల్చుకోండి. తాడు కిందే పడిపోయి ఉన్న ఆయన్ని చూసి, పాస్టరుగారు ఆయన కోసమే కొట్టిన గంట అది.