హెంప్ అంటే

“మీకు పొలం లేదు కదండీ మాస్టారూ, నెలలో మూడోసారి జనుము విత్తనాలు దేనికి?” అని అడిగాడు వన్ టౌన్‌లో విత్తనాల కొట్టు నడిపే ఖాజా మొహిద్దీన్.

“మా ఆవిడ షుగరుకి,” అన్నాడు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు పూర్ణచంద్రరావు, గర్వంగా. “వండని తిండితో షుగరు తగ్గించే ఇంగ్లీషు పుస్తకంలో హెంప్ గింజలు పచ్చివే తినమన్నారు. డిక్షనరీ చూస్తే హెంప్ అంటే జనుము. నానబెట్టి, కొబ్బరితో రుబ్బి నేనే పెడుతున్నా. నెల్లాళ్ళుగా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.”

“ఎలా ఉన్నారండీ అమ్మగారు?”

“కళ్ళు పచ్చబడ్డాయి. పక్కింటివాళ్ళు కామెర్లంటారు. కాదు, ఒంట్లో విషమంతా బయటికొస్తోందని పుస్తకంలోనే ఉంది.”

మొహిద్దీన్ తూకంలో పోసిన గింజల్ని మళ్ళీ బస్తాలోకి ఒంపేశాడు.

“ఇది చేలో చల్లే విత్తనమండీ. మా గేదె ఈ గింజలే తిని, కళ్ళు పచ్చబడి, పదిరోజుల్లో చచ్చిపోయింది. ముందు అమ్మగార్ని ఆస్పత్రికి తీసుకెళ్ళండి.”

డిక్షనరీలో మొదటి అర్థం దగ్గరే ఆగిపోవద్దని ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పిన మాస్టారు ఇంటికి పరుగు తీశాడు. హెంప్‌కి జనుము తర్వాత రాసి ఉన్న రెండో అర్థం, గంజాయి జాతి మొక్క అని, ఆయన చూడనే లేదు.

చేదుగా ఉందని భార్య ఒక్కనాడూ అనలేదు. “ఇన్నేళ్ళకి మీ చేత్తో చేసిపెట్టింది తినే యోగం పట్టిందండీ,” అంటూ పొద్దున కూడా గిన్నె వేలితో తుడిచి మరీ తిన్నది.