చేతికి దొరకని జుట్టు

"తలుపు తియ్యండి! మా అమ్మకేమైనా అయిందో, మీ అంతు చూస్తా!" రోగి కొడుకు బయట తలుపు బాదుతున్నాడు.

మందుల గదిలో కొత్త నర్సు గోడకు అతుక్కుపోయింది. "సెక్యూరిటీ వచ్చేదాకా తియ్యొద్దక్కా. ఇందాక సెలైన్ స్టాండు విసిరాడు."

"ఈలోపు ఇంజెక్షన్ పడకపోతే ఆవిడ దక్కదు." సీనియర్ నర్సు మెడలోని ఐడీ కార్డు తీసి జేబులో వేసుకుంది. కొత్తమ్మాయి జడను గబగబా ముడి చుట్టింది.

"ఇప్పుడు జడ సంగతెందుకక్కా?"

"వాడి చేతికి దొరక్కూడదు."

సిరంజి కోసం ఆమె వంగినప్పుడు, కురచ జుట్టు కింద, చెవి వెనక, వెంట్రుకలు మొలవని మచ్చ కనిపించింది.

"ఫ్యాషన్‌కి కత్తిరించుకున్నానన్నావు కదక్కా!"

అక్క గడియ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఒకసారి చెవి వెనక మచ్చను తడిమి, మళ్ళీ గడియ మీదికి రావడం కొత్తమ్మాయి చూసింది.

"నా వెనకే ఉండు" అని అక్క గడియ తీసింది.