పేర్ల పట్టికలో లేనివాడు

తుమ్ములతో చచ్చే చావొచ్చింది కృపానందం మాస్టారికి.

తిరువూరు చర్చి ఆఫీసులో పాత జ్ఞానస్నానాల రిజిస్టరు తెరిస్తే తుమ్ము. పేజీ తిప్పితే తుమ్ము. మూస్తే రెండు తుమ్ములు.

తుమ్మినప్పుడల్లా గుమ్మం దగ్గర కూర్చున్న ముసలాయన "నూరేళ్ళు బాబూ" అనేవాడు.

మొదటి శనివారానికే మాస్టారి ఆయుష్షు పదకొండు వందల ఏళ్ళకి చేరింది.

"ప్రతి తుమ్ముకీ దీవించక్కర్లేదయ్యా," అన్నారు మాస్టారు.

"ఊరికే వచ్చేదేగా బాబూ. నాకేం ఖర్చు?"

ముసలాయన పేరు అంతోనయ్య. చర్చి గంట కొడతాడు. వరండా ఊడుస్తాడు. బీరువాలోంచి రిజిస్టర్లు మోసుకొచ్చి బల్ల మీద పెడతాడు. చదువు రాదు.

మాస్టారు వెతుకుతున్నది ఎప్పుడూ చూడని పెదనాన్నని.

కారణం ఉంది. సాటి మాస్టారు అంకారావు ఏడు తరాల వంశవృక్షం రాయించి, ముందుగదిలో వేలాడదీశాడు. ఎవరు వెళ్ళినా కాఫీ కంటే ముందు ముత్తాతలు వస్తారు. అది చూసి కృపానందం మాస్టారు కూడా ఫ్రేము కొన్నారు. అందులో పెట్టడానికి తండ్రి పేరు తప్ప ఏమీ లేదు.

ఆ తండ్రి శౌరయ్య పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు క్రిస్మస్ చూడడం కష్టమన్నాడు డాక్టరు. ఆయనకి ఫ్రేముతో పనిలేదు.

"మూడేళ్ళవాణ్ణిరా. కలరాలో అమ్మా నాన్నా ఒక్క వారంలో పోయారంట. అన్న నన్ను గంపలగూడెం నించి భుజాన మోసుకొచ్చి, ఈ తిరువూరు ఫాదర్‌గారికే అప్పగించాడంట. ఆయన బెజవాడ ఆశ్రమానికి పంపారు. అన్న పేరు ఏడుకొండలని ఆశ్రమంలో చెప్పారు. ఉజ్జోగం, సంసారం అంటా నేనే ఇటు రాలేకపోయాను. దేవుడు నీకీ ఊరు బదిలీ చేయించాడు. అన్నని కూడా మతంలో చేర్చుకునే ఉంటారు. పుస్తకంలో చూడరా. చూసి పోతాను."

రోజూ సాయంత్రం చర్చి గంట వినపడగానే మాత్రం శౌరయ్య మొహం విచ్చుకునేది.

"ఎవరోగానీ ఒడుపుగా కొడతాడ్రా. ఆఖరి దెబ్బ చూడు, పసివాణ్ణి పడుకోబెట్టినట్టు."

మాస్టారు చదువుకున్నవారు. చదువుకున్నవాళ్ళు పుస్తకం చదవరు, వెనకున్న పేర్ల పట్టిక చూస్తారు. నాలుగు రిజిస్టర్ల పట్టికలూ చూశారు. ఏసోబులున్నారు, జోజప్పలున్నారు. ఏడుకొండలు ఒక్కడూ లేడు.

రెండో శనివారం అంతోనయ్య ఉండబట్టలేక అడిగాడు.

"ఎవరి కోసం బాబూ ఇంత అవస్థ? పేరు చెప్పరాదూ?"

"చెబితే నువ్వు చదివిపెడతావా?"

ముసలాయన నవ్వాడు. "అదీ నిజమేలెండి."

తనిచ్చిన జవాబు మాస్టారికి ఎంత నచ్చిందంటే, ఇంటికెళ్ళి భార్యకి రెండుసార్లు చెప్పారు.

"పాపం, పెద్దాయన్ని అలా అన్నారేంటండీ?" అంది సామ్రాజ్యం.

"గంట కొట్టేవాడికి కూడా మన ఇంటి సంగతులు చెప్పుకుంటామా?"

మూడో శనివారం మాస్టారే ఏమీ తోచక అడిగారు.

"నీకెవరూ లేరా అంతోనయ్యా?"

"ఉన్నాడు బాబూ. ఇక్కడికే వస్తాడు."

"సరే, ఆ కిటికీ తియ్యి."

నాలుగో శనివారం గుమ్మం దగ్గర ఎవరూ లేరు. రిజిస్టరు మాస్టారే మోసుకున్నారు. కాసేపటికి ఫాదర్‌గారు వచ్చారు.

"అంతోనయ్య గురువారం పోయాడు మాస్టారూ. నిన్న మట్టి చేశాం. మీ దస్తూరీ బాగుంటుంది, మరణాల పుస్తకంలో ఎక్కించి పెడతారా? వివరాలు మీ చేతిలో ఉన్న రిజిస్టర్లోనే, అరవై ఒకటో పేజీలో ఉంటాయి."

దస్తూరీ బాగుందంటే మాస్టారు ఏ పనైనా చేస్తారు. మొదటిసారి పట్టిక వదిలేసి పేజీ తీశారు.

పేరు: అంతోనయ్య. వయసు: పది. ఊరు: గంపలగూడెం.

పక్కనే సన్నటి గడి.

పాత పేరు: ఏడుకొండలు.

జ్ఞానస్నానంతో పాత పేరు పోయి కొత్త పేరు వస్తుంది. పట్టికలోకి ఎక్కేది కొత్త పేరే. ఆ మాట చర్చిలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. మాస్టారు ఎవర్నీ అడగలేదు.

తుమ్ము వచ్చింది.

గదిలో ఎవరూ ఏమీ అనలేదు.

"ఎక్కడికి పొమ్మన్నా పోయేవాడు కాదండి," అంటున్నారు ఫాదర్‌గారు. "చిన్నప్పుడు తమ్ముణ్ణి ఇక్కడ అప్పగించాడంట. పెద్దయ్యాక ఇక్కడికే వస్తాడని అప్పటి ఫాదర్‌గారు చెప్పారంట. అరవై ఏళ్ళు ఈ గుమ్మంలోనే కూర్చున్నాడు. ఆ, బంధువులు అన్నచోట గీత కొట్టెయ్యండి."

కలం మాస్టారి చేతిలోనే ఉంది. గీత మాత్రం పడలేదు.

ఇంటికొచ్చేసరికి శౌరయ్య గుమ్మం వైపే చూస్తున్నాడు. దొరికాడా అని ఇవాళ అడగలేదు.

"రెండ్రోజుల నించి గంట వేరే ఎవరో కొడుతున్నార్రా. ఆ పాతాయనకి ఒంట్లో బాలేదేమో. పాపం, ఒకసారి వెళ్ళి చూసి రారాదూ?"

బాబ్బాబూ, మీకు పుణ్యముంటుంది, ఎవరైనా ఒక మాట సాయం చెయ్యండి. మాస్టారింకా చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అన్నని చూసి పోతానని ప్రాణం పట్టుకుని ఉన్న ఆ మనిషికి, ఇన్నాళ్ళూ సాయంత్రం సాయంత్రం వింటూ వచ్చింది ఆ అన్ననేనని చెప్పాలా, వద్దా?