రెండో ఆట

కచేరీలో గాయకుడు ఒక అభిమానిని పైకి పిలిచి, చెయ్యి పట్టుకుని పాడితే హాలంతా కరిగి నీరైపోవడం మేనేజరు కళ్ళారా చూశాడు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ మీటింగులో ప్యాకింగులో పనిచేసే అక్కను స్టేజి ఎక్కించాడు. "ఇరవై రెండేళ్ళుగా మన కంపెనీని నిలబెట్టింది ఈ చేతులే!" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ప్యాకింగుకి మిషన్లు వస్తున్నాయనీ, అక్కతో సహా నలభైమందికి ఇదే ఆఖరిరోజనీ అప్పుడు చెప్పాడు. తిరగబడాల్సినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

స్టోర్ రూములో కూలబడి ఏడుస్తున్న అక్కకి మంచినీళ్ళు అందించాడు.

"సీను బ్రహ్మాండంగా పండిందక్కా. నాలుగింటికి రెండో షిఫ్టు వాళ్ళొస్తారు, అందాకా ఏడుపు ఆపుకో. ఈ సంగతి నీకప్పుడే తెలిసినట్టుండాలి."